మందు కొట్టుటకు అధికారిక అర్థం

మనిషి ప్రాణం కాపాడటానికి ఇకమీదట మనిషితో గానీ ప్రాణంతో గానీ ప్రత్యేకించి పనిలేదని మా వినుకొండలో తేలిపోయింది. ఇంత పెద్ద సంగతి లోకానికి ఇంకా తెలిసినట్టు లేదు. తెలియజేయడం నా బాధ్యత, ఎందుకంటే ఆ తేల్చడంలో నా చెయ్యి కూడా ఉంది.

అత్యవసర వైద్య స్పందన అనుకరణ మండలి వారు నరసరావుపేట రోడ్డులో ఒక కల్యాణమండపం తీసుకున్నారు. ఊళ్లో అంత పెద్ద ఏసీ హాలు అదొక్కటే. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర సింహాసనాలు వేదిక మీద అలాగే ఉన్నాయి. కింద అంబులెన్సు సిబ్బంది కళ్లకు నల్లటి పెట్టెలు బిగించుకుని, లేని రోడ్డు మీద, లేని మనిషిని, లేని స్ట్రెచర్ ఎక్కిస్తుంటారు. ఉన్న అంబులెన్సులు ఆ సమయంలో బయట షామియానా కింద వరుసగా నిలబడి ఉంటాయి. ఉన్న రోగులెవరైనా ఫోన్ చేస్తే, “మీ ప్రాణాలను మరింత మెరుగ్గా కాపాడేందుకు మా సిబ్బంది శిక్షణలో ఉన్నారు, దయచేసి వేచి ఉండండి” అని ఒక ఆడగొంతు చెబుతుంది. (ఎంత మర్యాదగా చెబుతుందంటే, చచ్చేవాడికి కూడా విసుక్కోబుద్ధి కాదు.)

ఆ నల్లపెట్టెను మండలి వారు ‘సంపూర్ణ నిమగ్న దృశ్య పరికరం’ అంటారు. అంబులెన్సు నడిపే సుభానీ మాత్రం మొదటిరోజే దాన్ని తిప్పి చూసి, “ఇది గానుగెద్దుకి కట్టే గంత కదా మాస్టారూ” అన్నాడు. అప్పట్నుంచి మా ఊళ్లో దానికి అదే పేరు.

నన్ను మాస్టారూ అంటారు. నా పేరు రాఘవులు. దర్శిలోనూ వినుకొండలోనూ కలిపి ముప్పై నాలుగేళ్లు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. గంతలో కనబడే రోగులు మన ప్రాంతపు తెలుగు మాట్లాడాలి గనక, నన్ను పిలిచి ప్రాంతీయ భాషా సమన్వయ సలహాదారు పదవి ఇచ్చారు. ఇచ్చినది తుళ్లూరు వైపు ఆఫీసు నుంచి వచ్చిన సురేంద్ర గారు, సంయుక్త ఉపసంచాలకులు (అనుకరణ). ఆ బ్రాకెట్టు నేను పెట్టింది కాదు, ఆయన కార్డు మీదే అచ్చయి ఉంది.

నా చేతికి ఆరువందల పన్నెండు మాటల పట్టిక ఇచ్చారు. ఒక్కో మాట పక్కన ఒక్కో గడి, గడిలో ఒక్కో అర్థం. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నేను శ్రద్ధగానే పనిచేశాను. ‘గుండె జారిపోయింది’ అంటే గుండె చోటు మారిందని యంత్రం అనుకుంటుంటే, కాదు నాయనా భయపడ్డాడు అని దిద్దాను. ‘కళ్లు కాయలు కాశాయి’ అన్న ముసలమ్మను కంటి శస్త్రచికిత్సకు పంపకుండా ఆపింది నేనే. ‘నీ మొహం మండ’ అన్నది కాలిన గాయాల కింద నమోదై ఉంటే తీయించాను. ఇలా నాలుగువందల ముప్పై ఏడు మాటలు నిర్విఘ్నంగా సాగాయి. నాలుగువందల ముప్పై ఎనిమిదోది ‘మందు కొట్టడం’.

“సార్, దీనికి రెండర్థాలున్నాయి” అన్నాను. “సీసాలోది గొంతులో పోసుకోవడం ఒకటి, ట్యాంకులోది పైరు మీద చల్లడం ఒకటి.”

సురేంద్ర గారు పట్టికలోకి తొంగిచూశారు. “గడి ఒకటే ఉంది కదండీ మాస్టారూ.”

“ఒకటే ఉంది సార్.”

“అయితే జనం ఎక్కువగా దేనికి వాడతారో అది పెట్టేయండి.”

అది మే నెల. మే నెలలో మా పొలాల్లో పైరుండదు, పగుళ్లే ఉంటాయి. మిరప కోతలయిపోయి, కాయ యార్డుకు చేరి, జనం ఊళ్లో ఖాళీగా ఉంటారు. సాయంత్రమైతే నా కిటికీ కింద రోడ్డు మీద రెండో అర్థం జోలికెళ్లేవాడు ఒక్కడు కూడా కనబడడు. నేను కిటికీలోంచి ఒకసారి చూసి, గడిలో ‘మద్యం సేవించుట’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టాను. అదే ఆగస్టులో అడిగి ఉంటే మరొకటి రాసేవాణ్ణి.

పరీక్షలు సెప్టెంబరులో పెట్టారు. ఆ పాటికి పొలాలన్నీ పచ్చబడ్డాయి, మిరపను పీల్చేసే నల్ల తామర పురుగు కూడా సమయానికి హాజరైంది.

సమీరా తొమ్మిదేళ్లుగా అంబులెన్సులో టెక్నీషియన్. సుభానీ బండి నడిపితే, వెనక రోగి పక్కన కూర్చునేది ఆ అమ్మాయే. ఫోనులో ఏడుపు విని అది పామో, పురుడో, పురుగుమందో చెప్పగలదని చుట్టుపక్కల ఊళ్లలో పేరుంది. ఆమెకు ‘రోగి నమూనా 7’ వచ్చాడు. మిరప చేలో పడిపోయిన రైతు. చేనంటే, పచ్చిక మైదానంలో బారులు తీర్చిన క్యాప్సికం మొక్కలు. దూరంగా ఒక మంచుకొండ. రైతు బూట్లు తొడుక్కుని, చొక్కా టక్ చేసుకుని, కళ్లు మూసుకుని ప్రశాంతంగా పడుకుని ఉన్నాడు. పక్కన భార్య నిలబడి, వార్తలు చదివినట్టుగా, “నా భర్త మందు కొట్టి పడిపోయారు” అంది. గంతలో కనబడేదంతా గోడ మీద తెరపై మాకూ కనబడుతోంది.

“సార్, కంటిపాప చూడాలి. కళ్లు తెరుచుకోవట్లేదు” అంది సమీరా.

“కళ్లు రెండో దశలో వస్తాయమ్మా” అన్నారు సురేంద్ర గారు.

“నోటి దగ్గర వాసన?”

“వాసన మూడో దశ.”

సమీరా గాలిలో చేతులు ఆడించి రోగి చొక్కా గుండీలు విప్పింది. సబ్బూ నీళ్లూ కావాలంది, ఆ మీట లేదు. అట్రోపిన్ సూది కోసం డాక్టరుకు ఫోన్ చేస్తున్నానంది. అంతే, తెర ఎర్రబడి, హాలంతా కుయ్‌మని మోగింది.

ఫలితం వచ్చింది. అనుమతి లేకుండా రోగి చొక్కా విప్పి గౌరవానికి భంగం కలిగించుట. పరికరాల జాబితాలో లేని సబ్బును కోరుట. మద్యం కేసులో పురుగుమందు విరుగుడు తలపెట్టుట, ఇది ఘోర దోషం, మొత్తం మార్కులు రద్దు. సరైన సమాధానం: పక్కకు తిప్పి పడుకోబెట్టి, మేలుకొనువరకు మర్యాదగా వేచియుండుట.

సమీరా గంత తీసి పట్టుకుని నిలబడింది. “సార్, చేలో మందు కొడుతూ పడిపోయిన మనిషిని పక్కకి తిప్పి కూర్చుంటే ఇంక లేవడు సార్.”

“ఈయన లేస్తాడమ్మా” అన్నారు సురేంద్ర గారు అనునయంగా. “నలభై సెకన్లకి లేచేలా పెట్టారు.”

ఆ మాట రాసినవాణ్ణి నేనేనని ఆ అమ్మాయికి తెలియదు. నేను గొంతు సవరించుకున్నాను. సవరించుకున్న గొంతుతో ఏదైనా మాట్లాడి ఉంటే బాగుండేది, మాట్లాడలేదు.

పరీక్ష తప్పినవారు అరవై రోజులు అంబులెన్సు ఎక్కరాదని నిబంధన. కూర్చోబెట్టి జీతమివ్వకూడదని ఇంకో నిబంధన. రెండూ కలిపి ఆలోచించి, సమీరాకు గంతలు స్పిరిట్‌తో తుడిచే పని అప్పజెప్పారు. ఆమె సీటు నూటికి నూరు వచ్చిన ఒకాయనకు ఇచ్చారు. ఆయన అంతకుముందు ఆఫీసులో ఉత్తరాలకు నంబర్లు వేసేవాడు. రోగిని పక్కకు తిప్పడంలో ఆయన చేతికి తిరుగులేదు.

నవంబరు మొదటి వారంలో కల్యాణమండపంలో ఒక సభ పెట్టారు. భాషా సేవకు గాను నాకు సన్మానం. వేదిక మీద ఒక సింహాసనంలో సురేంద్ర గారు, రెండోదాంట్లో నేను. (మాలో ఎవరు పెళ్లికూతురో చివరిదాకా తేలలేదు.) మధ్యాహ్నం పన్నెండవుతోంది. సరిగ్గా ఆ సమయానికి, పదకొండు కిలోమీటర్ల అవతల, నా రెండెకరాలు కౌలుకు చేస్తున్న చెంచురామయ్య మిరప సాళ్ల మధ్య బోర్లా పడ్డాడు.

చెంచురామయ్య ఏడో తరగతిలో నా దగ్గర తెలుగు చదివాడు. బ్రాందీ షాపున్న వీధిలో నడవాల్సి వస్తే అవతలి పక్కకు దాటి నడిచే మనిషి. భార్య వెంకాయమ్మ ముందు అత్యవసర నంబరుకే చేసింది. సిబ్బంది శిక్షణలో ఉండటంతో, ఫోన్లు కూడా ఇప్పుడు ఆ ఆడగొంతుకు బదులు నా పట్టిక నేర్చిన యంత్రమే ఎత్తుతోంది. ఆ సంభాషణ నకలు తర్వాత విచారణ ఫైలులో చూశాను. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

“నమస్కారం. మీ సమస్య చెప్పండి.”

“అయ్యా, మాయన చేలో పడిపోయాడయ్యా! పొద్దుట్నుంచీ మందు కొడతానే ఉన్నాడు.”

“మందు కొట్టారు. నమోదు చేసుకున్నాము. ఎంత కొట్టారు?”

“పన్నెండు ట్యాంకులు.”

“ఒక ట్యాంకుకు ఎన్ని లీటర్లు?”

“ఇరవై. అయ్యా, నోట్లోంచి నురగొస్తంది!”

“రెండువందల నలభై లీటర్లు. ధన్యవాదాలు. ఒకే రకమా, కలిపి కొట్టారా?”

“మూడు రకాలు కలిపి కొట్టాడు. ఒక్కదానికి లొంగట్లేదని.”

“నీళ్లు కలుపుకున్నారా?”

“నీళ్లు కలపకుండా ఎవరన్నా కొడతారా?”

“ఎంత తరచుగా కొడతారు?”

“వారానికి రెండుసార్లు. పక్క చేనోళ్లు మూడుసార్లు కొడతన్నారు, మేమే తక్కువ.”

“మానేయాలని ఎప్పుడైనా ప్రయత్నించారా?”

“మానేస్తే చేను దక్కుద్దా? ఏంది నువ్వడిగేది? బండి పంపుతావా లేదా?”

“మీ ఆవేదన మాకు అర్థమైంది. మీది నాలుగో ప్రాధాన్యం. ఆయనను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మేలుకున్నాక మజ్జిగ ఇవ్వండి.”

(రెండువందల నలభై లీటర్లు తాగినవాడు నాలుగో ప్రాధాన్యంలో ఎలా ఉంటాడని అడగకండి. ఐదోది లేదు.)

తర్వాత వెంకాయమ్మ నాకు చేసింది. అప్పటికి నా భుజాల మీద శాలువా పడింది. “మాస్టారూ, మాయన మందు కొట్టి పడిపోయాడు. బండి రాదంట” అని ఒకటే ఏడుపు.

నాకు ఒక్కటే అర్థం తట్టింది. మద్యం అన్న ఊహ కలలో కూడా రాలేదు. ముప్పై నాలుగేళ్లు భాష చెప్పినవాణ్ణి, నవంబరు నెలలో మా పొలాల్లో ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలియక కాదు. తెలిసీ గడిలో ఇంకోటి రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను. శాలువాతో సహా వేదిక దిగి, వెనక స్పిరిట్ గుడ్డతో గంతలు తుడుస్తున్న సమీరా దగ్గరికి పరిగెత్తాను.

“మాటలొస్తున్నాయా ఆయనకి? చెమట్లు పడుతున్నాయా?” అని నా ఫోను లాక్కుని వెంకాయమ్మనే అడిగింది సమీరా. “పిన్నీ, పక్కకి తిప్పి ఉంచు, కానీ ఊరికే కూర్చోబాక. చొక్కా చించెయ్. ఒంటి మీద నీళ్లు గుమ్మరిస్తానే ఉండు. మందు డ్రమ్ములో నీళ్లు కాదు, బోరు నీళ్లు. నేనొస్తున్నా.”

సురేంద్ర గారు అడ్డం వచ్చారు. ఆయన చెడ్డవారు కాదు, నిబంధన వచ్చింది, దాని వెంట ఆయన వచ్చారు. “అమ్మా, నువ్వు ఫెయిలయ్యావు. బండి ఎక్కకూడదు.”

“పాసైనాయన ఏడీ సార్?”

“భోజనానికి వెళ్లారు.”

“ఆయన తిని వచ్చిందాకా చెంచురామయ్య బాబాయ్ ఆగడు సార్.”

సుభానీ అప్పటికే బండి స్టార్ట్ చేశాడు. “సార్, రికార్డుల్లో ఈ బండి శిక్షణలో ఉంది కదా. దీన్ని కూడా శిక్షణే అనుకోండి” అని అరిచి, షామియానా తాడొకటి తెంపుకుంటూ రోడ్డెక్కించాడు. నేను వెనక డోరు పట్టుకుని ఎలాగో ఎక్కాను.

చేలో వాసన ముక్కుపుటాలు మండించేస్తోంది. మూడో దశ వచ్చేసిందన్నమాట. చెంచురామయ్య పక్కకు తిరిగి ఉన్నాడు, వెంకాయమ్మ బిందెతో నీళ్లు పోస్తోంది. కంటిపాప సూదిమొనంత ఉంది. సమీరా తన సంచీలోంచి సబ్బు తీసి ఒళ్లంతా రుద్దింది, నోట్లో నురగ లాగేసింది, డాక్టరుతో ఫోనులో మాట్లాడుతూనే సూది వేసింది. ఇంకోటి వేసింది. నలభై సెకన్లయింది, లేవలేదు. నలభై నిమిషాలైంది, లేవలేదు. పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులున్నాక పదోరోజు లేచి కూర్చుని, “చేనెట్టా ఉంది?” అని అడిగాడు.

అదే రోజున సమీరాకు మెమో వచ్చింది. మద్యం సేవించి పడిపోయిన వ్యక్తి తనంతట తానే లేచును కనుక, అతనిని తాను కాపాడితిననుట వాస్తవ దూరమనీ, శిక్షణలో ఉన్న వాహనమును నిజమైన రోగికి వాడుట దుర్వినియోగమనీ అందులో ఉంది. తుది పరీక్ష ఒక్కటే మిగిలింది, అది కూడా తప్పితే ఉద్యోగమే ఉండదని చివరి వాక్యం.

నేను తప్పు దిద్దుతానని ఉత్తరం రాసి పట్టుకెళ్లాను. సురేంద్ర గారు పూర్తిగా చదివారు.

“దిద్దొచ్చు మాస్టారూ. గడిలో మద్యం తీసేసి పురుగుమందు పెడతాను. అప్పుడు బ్రాందీ షాపు ముందు పడిపోయిన ప్రతివాణ్ణీ నడిరోడ్డు మీద బట్టలిప్పి సబ్బేసి కడిగి సూది పొడుస్తారు. సంతకం పెడతారా?”

“రెండో గడి పెట్టండి సార్.”

“ఒక మాటకి పెడితే అన్నిటికీ పెట్టాలి. తెలుగులో ఎన్ని మాటలున్నాయో మీకు చెప్పాలా?” అన్నారాయన. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

సమీరాకు నిజం చెప్పాను. ఆ గడిలో రాసింది నేనేనమ్మా అన్నాను. కొట్టినా బాగుండేది. “మీరా మాస్టారూ” అంది. చేతిలోని స్పిరిట్ గుడ్డ పక్కన పెట్టి, “ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?” అని అడిగింది. నేను నా బతుకంతా పిల్లలకు చెప్పిందే చెప్పాను. పుస్తకంలో ఉన్నది రాసి పాసైపో తల్లీ, నిజం సంగతి తర్వాత చూసుకుందాం అన్నాను.

తుది పరీక్షలో మళ్లీ నమూనా 7 వచ్చాడు. సమీరా గంత పెట్టుకుంది. అతన్ని పక్కకు తిప్పింది. చేతులు ఒళ్లో పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. నలభై సెకన్లు ఇంత పొడుగని నాకు అంతకుముందు తెలియదు. గంత కిందనుంచి కన్నీళ్లు కారి గడ్డం దాకా వచ్చాయి. సమయం కాగానే నమూనా 7 లేచి కూర్చుని, “మీ సేవకు కృతజ్ఞతలు” అన్నాడు. నూటికి నూరు. పైగా ఆ పరికరం కంటి తడిని కూడా కొలుస్తుందట. సానుభూతి కింద ఇంకో ఐదు వేసి నూటైదు ఇచ్చింది. రాష్ట్రంలో అదే ఎక్కువని సురేంద్ర గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సమీరా తన సీట్లోకి తిరిగి వెళ్లింది. సంచీలో ఇప్పుడు సబ్బులు రెండు పెట్టుకుంటోంది. చేలో పడ్డవాళ్లకు చేయాల్సిందంతా చేసి, బండిలో ట్యాబు అడిగినప్పుడు మాత్రం ‘మద్యం’ అని నొక్కుతుంది, వేరే మీట లేదు మరి. చెంచురామయ్య మొదలుకుని ఈ సీజనులో మా చుట్టుపక్కల ముప్పై ఒక్క మంది పడ్డారు. ఒక్కరూ పోలేదు. రికార్డుల ప్రకారం ముప్పై ఒక్కమందీ మధ్యాహ్నం పన్నెండులోపు, మిరప చేలల్లో, తప్పతాగి పడినవాళ్లే. పురుగుమందు ప్రమాదాలు సున్నా. నల్లగంతల శిక్షణ వల్లే ఇది సాధ్యమైందని మండలి మా ప్రాంతానికి ఒక జ్ఞాపిక ఇచ్చింది. కల్యాణమండపంలో సింహాసనాల మధ్య పెట్టారు, చూడాలనుకున్నవారు చూడవచ్చు.

తాగుబోతులు ఇంతమంది తేలాక ఊరుకుంటారా? ప్రతి సోమవారం వ్యసన విముక్తి తరగతి పెట్టి, ముప్పై ఒక్కమందినీ రప్పించారు. వాళ్లంతా తామర పురుగు గురించి మాట్లాడుకుంటూ శ్రద్ధగా వస్తున్నారు. ఆఖరి తరగతిలో చదివించే ప్రమాణం రాసే బాధ్యత భాషా సలహాదారుది.

“ఇకమీదట ఎట్టి పరిస్థితుల్లోనూ మందు కొట్టనని ప్రమాణం చేస్తున్నాను” అని సురేంద్ర గారు మైకులో చదివారు. ముప్పై మంది లేచి, చెయ్యి ముందుకు చాచి గట్టిగా అనేశారు. ప్రభుత్వ ప్రమాణం కదా, పోయేదేముంది! చెంచురామయ్య ఒక్కడే కుర్చీలోంచి లేవలేదు.

“ఏమయ్యా, నువ్వు చెయ్యవా?” అన్నారు సురేంద్ర గారు.

చెంచురామయ్య ఆయన వైపు చూడలేదు, నా వైపు చూశాడు. “ఆడిన మాట తప్పకూడదని ఏడో తరగతిలో మీరే చెప్పారు మాస్టారూ. రేపు పొద్దున్నే కొట్టాలి. మీ రెండెకరాలకే.”

సురేంద్ర గారు ఆయన పేరు ఎదురుగా ‘మారే ఉద్దేశం లేదు’ అని రాసుకున్నారు. నేను తల వంచుకుని నా ప్రమాణంలో అచ్చు తప్పులేమైనా ఉన్నాయేమోనని వెతుక్కున్నాను.

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న సమీరా మాత్రం, “ఎన్నింటికి మొదలుపెడతావు బాబాయ్?” అని అడిగింది.